గోడౌనులో కళాపోషణ

నాటకానికి థియేటరు అక్కర్లేదు. వేరుశనగ గోడౌను చాలు. ఈ మాటకు మదరాసు పెద్దలు నవ్వుతారని తెలుసు. నవ్వనివ్వండి. పాపం, వాళ్లకు గోడౌను సుఖం తెలియదు.

కర్నూలు రాజధాని అయిందో లేదో, ఊళ్లో కప్పున్న ప్రతి కట్టడమూ ఆఫీసైపోయింది. కప్పు లేనిచోట డేరాలు లేచాయి. టైలరు పుల్లన్న తన నాటక సమాజాన్ని వెంటేసుకుని హాలు కోసం తిరగని వీధి లేదు. చివరికి వ్యాపారి సోమన్నగారు తన గోడౌనులో సగం ఉత్తపుణ్యానికి ఇచ్చారు. మిగతా సగంలో సరుకు మూటలు. మనకు అవే కుర్చీలు.

ఏం లోపముందో చెప్పండి చూద్దాం! రేకుల కప్పు కదా, వాన పడితే డైలాగులు వినబడవంటారా? వాన! కర్నూల్లో!

ఒకటే తలుపంటారా? అదీ మంచిదే. మహారాజు "రోంత జరగండప్పా" అని మనల్ని బతిమాలుకుంటూ సింహాసనం దగ్గరికి పోవాలి. ఇంత వినయంగల రాజు ఏ థియేటర్లో దొరుకుతాడు?

ఇక మూలనున్న ఎండుమిరప మూటలు. వాటి పుణ్యమా అని శోకరసానికి నటుడు కష్టపడనక్కర్లేదు. తెర లేవగానే సభంతా కళ్లు తుడుచుకుంటుంది. హాస్యం వచ్చినప్పుడూ తుడుచుకుంటూనే ఉంటుంది, అది వేరే సంగతి.

అన్నిటికన్నా పెద్ద అదృష్టం సోమన్నగారే. ఒక్క ప్రదర్శనా తప్పరు. గోడ వారగా నిలబడి, తల వంచుకుని, వేదిక వైపు కన్నెత్తయినా చూడకుండా వింటారు. చెవితోనే రసం పట్టే మనిషని మేమంతా మురిసిపోయాం. పైగా ఆయన విమర్శకులు కూడా! పోయిన నెల పుల్లన్న నెమ్మదైన కుటుంబ నాటకం ఒకటి వేశాడు. అత్తాకోడళ్లు కూర్చుని మాట్లాడుకోవడమే తప్ప డప్పు దెబ్బ లేదు. సోమన్నగారు సహించలేకపోయారు.

"ఇట్ల గుసగుసలాడితే ఎట్లప్పా? డప్పులు కొట్టండి. యుద్ధం పెట్టండి."

పెట్టారు. అత్తాకోడళ్లు కత్తులు దూశారు. నిజం చెప్పొద్దూ, నాటకం బాగుపడింది.

మొన్న రిహార్సలు చూద్దామని పోతే పుల్లన్న తెర మడుస్తున్నాడు. పక్కన సోమన్నగారు సంతోషంగా నిలబడి ఉన్నారు.

"మీ డప్పులకు ఎలకలన్నీ పారిపోయినాయప్పా. గోడ పొంటి ఎంత చూసినా ఒగటి గూడా కనపడల్యా. శానా మేలు చేసినారు. ఇంగ ఈ సగంలో గూడా మూటలేసుకుంటా. మీరు యాడన్నా చూసుకోండి."

ఆయన వెళ్లాక పుల్లన్న చాలాసేపు తెర దుమ్ము దులుపుతూ ఉండిపోయాడు.

"మా నాటకం వినేకి వస్తాండాడనుకుంటినన్నా" అన్నాడు. "ఊరంతా తిరిగి తిరిగి ఈడ చేరితిమి. ఇంగ యాడికి పోవల్ల?"

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. మిరప మూటలు అప్పటికే పక్క కొట్టుకు తరలిపోయాయి.

కాబట్టి పాఠకులారా, మిమ్మల్ని హాలు అడగను. ప్రభుత్వాన్నీ అడగను, వాళ్లే డేరాల్లో ఉన్నారు. చందా మాట అసలే ఎత్తను, మీ సంగతి నాకు తెలుసు. తలా ఒక ఎలుకను పట్టి తెండి. సోమన్నగారు చూడకుండా గోడౌనులో వదిలిపెట్టండి. బక్కవి వద్దు, బాగా తినేవి చూసి తెండి. ఈ ఊళ్లో నాటకాన్ని ఇంతకాలం పోషించింది అవే.