మంగలి కుర్చీలో జడ్జిగారు

మిన్యాలో మా వీధి అంత నిజాయితీ గల వీధి ఈజిప్టు మొత్తంలో లేదు. తప్పు చేసినవాడు కలికానిక్కూడా దొరకడు. కొత్త జడ్జి వగ్దీ బే మంగలి షాపులో అడుగుపెట్టిన శుక్రవారం దాకా నేనలాగే చెప్పేవాణ్ణి. బే అన్నా, బాషా అన్నా మా దగ్గర దొరగారనే అర్థం.

పాపం, ఆయనొచ్చింది గడ్డానికి కాదు, కబుర్లకి. జడ్జి అన్నవాడు కాఫీ కొట్లో కూర్చోకూడదు, ఎవరింట్లోనూ టీ తాగకూడదు. సర్కారు బంగళాలో ఆయనతో మాట్లాడేది ఫ్రిజ్ ఒక్కటే. మంగలి కుర్చీలో కూర్చుంటే మాత్రం ఎవరూ వేలెత్తి చూపించలేరు. చిక్కల్లా ఏంటంటే, జడ్జి అయ్యేముందు ఆయన ఏళ్ళ తరబడి ప్రాసిక్యూటర్. కబుర్లన్నా ఆయనకి ప్రశ్నలే వచ్చు.

"నిన్న రాత్రి షాపు కట్టేశాక ఎక్కడికెళ్ళావు?" అన్నారు ప్రేమగా.

మంగలి సబ్రీ చేతిలో కత్తి ఆగింది. "కరెంటు స్తంభానికి ఆ దొంగ వైరు నేను తగిలించలేదు బాషా. మా బావమరిది తగిలించాడు."

అంతలో బీన్స్ అమ్మే ఉమ్మ్ రగబ్ వేడి వేడి గిన్నెతో వచ్చింది. వాసనకి ఆయన నోరూరింది. "ఇందులో ఏం కలుపుతావమ్మా?"

"నీళ్ళే నాయనా. కాస్త ఎక్కువ నీళ్ళు" అని ఏడ్చేసింది.

జడ్జిగారు కంగారుపడ్డారు. "దర్యాప్తు నా పని కాదయ్యా, అది ప్రాసిక్యూటర్ది. నేను కోర్టులో విని తీర్పు చెప్తానంతే. చిన్న నేరాలకి ఒక్కణ్ణే కూర్చుంటాను. అప్పీలుకైతే ముగ్గురు. హత్యలకి పై కోర్టు."

సబ్రీ కత్తి కింద పెట్టేశాడు. "హత్య కూడా మా బావమరిది మీదే రాసుకోండి బాషా."

జుమ్మా నమాజు వేళకి వీధి వీధంతా షాపు ముందు వరస కట్టి, అడక్కుండానే అన్నీ ఒప్పేసుకుంది. కోర్టు బయట ముద్దాయి గోడు విన్న జడ్జి ఆ కేసు ముట్టుకోకూడదు. కబురు ఊరంతా పాకి జనం వస్తూనే ఉన్నారు, తెల్లారేసరికి ఆయన ముట్టుకోదగ్గ కేసు ఊళ్ళో ఒక్కటీ మిగల్లేదు. దాంతో పైవాళ్ళు ఆయన్ని వేరే ఊళ్ళో అప్పీలు బెంచికి, ఎడమ కుర్చీకి మార్చారు. పక్కన మనిషుంటాడని ఆయన మురిసిపోయారు. అక్కడ నోరు తెరిచేది మధ్య కుర్చీలో కూర్చునే పెద్ద జడ్జి ఒక్కడేనని తర్వాత గుర్తొచ్చింది.

వెళ్ళే రోజు చొక్కాల కోసం నా ఇస్త్రీ కొట్టుకొచ్చారు. "నన్ను చూసి మీ వీధంతా ఎందుకయ్యా అలా వణికింది?"

ఇస్త్రీపెట్టె చొక్కా మీదే ఆగిపోయింది. పొగ లేచింది. "నేనే బేగారూ. మీరు రహస్యంగా దర్యాప్తుకొచ్చారని సబ్రీకి సరదాకి చెప్పాను."

తిడతారనుకున్నాను. ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నారు. "మొదట్నించీ చెప్పు. తొందరేం లేదు."

నా తప్పులు తొందరగానే అయిపోయాయి. ఆయన లేచేలా లేరు. ఇక చెయ్యనివి ఒప్పుకోవడం మొదలుపెట్టాను.