ఎలుగుబంటి కూర్చున్న మేతతొట్టి

ఒక పెద్ద అడవిలో సింహం గుహ వెనక ఒక పెరడు ఉండేది. రాజుగారి పెరడే అయినా ఎవరూ పట్టించుకోలేదు కాబట్టి బాగానే ఉండేది. మోకాలెత్తు గడ్డి, బలుసు పొదలు, రాలిన ఆకుల కింద పురుగూ పుట్రా. పిట్టలు వచ్చేవి, ఏరుకు తినేవి, కాసేపు అరిచి పోయేవి. వాటికి ఎవరూ మేత పెట్టలేదు, రమ్మని కబురూ పంపలేదు.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. ఎండలకు వాగు ఎండింది. పిట్టలు నీళ్ళు వెతుక్కుంటూ తలో దిక్కుకూ పోయాయి. గుహ గోడ సందులో గూడు పెట్టుకున్న పుల్లమ్మ అనే పిచ్చుక మాత్రం మిగిలిపోయింది. దాని మొగుడు ఒకరోజు గింజల కోసం వెళ్ళి తిరిగి రాలేదు. గూట్లో మూడు పిల్లలు. రెక్కలు రాని పిల్లల్ని వదిలి తల్లి ఎక్కడికి పోతుంది?

అటువంటి రోజుల్లో పక్క అడవి సింహం చుట్టపుచూపుగా వచ్చింది. పొద్దున్నే పెరట్లోకి వచ్చి ఒళ్ళు విరుచుకుంది.

"ఏం బావా, నీ పెరడేంటి ఇలా మూగపోయింది? మా పెరట్లో తెల్లారేసరికి పిట్టలు చెవులు చిల్లులు పడేలా కూస్తాయి. నిద్ర పట్టదనుకో."

"మాకూ పట్టదు బావా," అంది మన సింహం గబుక్కున. అప్పటికది గురక పెట్టడం ఆపి ఎంతో సేపు కాలేదు.

"సరే, వచ్చే పౌర్ణమికి మళ్ళీ వస్తాగా. అప్పుడు వింటాలే," అని నవ్వి వెళ్ళింది పక్క అడవి సింహం.

ఆ నవ్వు మన సింహానికి ముల్లులా గుచ్చుకుంది. మధ్యాహ్నానికల్లా సభ పిలిచింది. పెరటి పిట్టలకు ఏ మేత పెట్టాలి, ఎలాంటి తొట్టిలో పెట్టాలి, తేల్చడానికి ఒక కమిటీ వేసింది. ఎలుగుబంటి అధ్యక్షుడు, ఎందుకంటే దానికి చెట్లెక్కడం వచ్చు. నక్క కార్యదర్శి, ఎందుకంటే ఆ అడవిలో ఏ కమిటీకైనా అదే కార్యదర్శి. కట్టడాల పని కోతిది. పిట్టల నిపుణురాలిగా బావురుపిల్లిని వేశారు.

"పిట్టని నేను చూసినంత దగ్గరగా ఈ అడవిలో ఇంకెవరూ చూడలేదు," అంది బావురుపిల్లి వినయంగా. అది నిజమే.

కుందేలొకటి భయపడుతూనే అడిగింది. "కమిటీలో ఒక్క పిట్టయినా ఉండొద్దాండీ?"

"పిట్టల సంగతి తేల్చేచోట పిట్టల్ని కూర్చోబెడితే వాటి మాటే నెగ్గించుకోవాలని చూస్తాయి. న్యాయం జరగదు," అంది నక్క. సభంతా చప్పట్లు కొట్టింది. కుందేలు కూడా కొట్టింది, పక్కనే తోడేలు ఉంది మరి.

ఆ అడవిలో ఒక పాత ఆచారం ఉంది. ప్రజలకిచ్చే వస్తువు ఏదైనా సరే, ముందు అధికారులు తామే వాడిచూసి "బాగుంది" అనాలి. ఎప్పుడో ఎవరో మంచి రాజు మంచి మనసుతో పెట్టిన ఆచారం. దాని వల్ల ఏం జరిగిందో మీరే చూడండి.

మొదట మేత సంగతి వచ్చింది. కోతి కాసిని గడ్డిగింజలు తెచ్చి ఆకులో పోసింది. ఎలుగుబంటి గుప్పెడు నోట్లో వేసుకుని థూ అని ఊసేసింది.

"ఇవి నోట్లో పెట్టగలమా? పళ్ళ సందుల్లో ఇరుక్కున్నాయి. పిట్టలు మాత్రం ప్రాణులు కావా? తేనె పెట్టండి. ఇప్పపువ్వు పెట్టండి. తింటే హాయిగా నిద్రపట్టాలి."

"ఎండు పీతలు లేకపోతే అది భోజనమే కాదు," అంది నక్క.

"పనసతొనలు," అంది కోతి.

బావురుపిల్లి మీసాలు దువ్వుకుంది. "ఏది పెట్టినా పెట్టండి, బలమైనది పెట్టండి. కడుపునిండా తిన్నాక పిట్ట ఇక ఎగరలేక ఉన్నచోటే కూలబడాలి. అదీ అసలైన మేత."

"ఎంత ప్రేమో చూడండి!" అంది ఎలుగుబంటి, కళ్ళు చెమర్చి.

కుండెడు తేనె, గంపెడు ఇప్పపువ్వు, పీతలు, పనసతొనలు అన్నీ కలిపి ముద్ద చేశారు. రుచి చూశారు. మళ్ళీ చూశారు. సాయంత్రానికి కుండ ఖాళీ అయింది. మేత బ్రహ్మాండంగా ఉందని అందరూ ఏకగ్రీవంగా ఒప్పుకున్నారు.

ఇదంతా చెట్టుమీంచి చూస్తున్న పుల్లమ్మ ఉండబట్టలేక కింది కొమ్మకు దిగింది.

"అయ్యా, నా మాట కూడా కాస్త వినండి. మాకు ఇంత హంగామా వద్దు. అడవి అంచున ఇళ్ళవాళ్ళు చూరుకి కంకులు కుచ్చుగా కట్టి వేలాడదీస్తారు. అలాగే నాలుగు కంకులు ఈ కొమ్మకు కట్టండి, మేం వేలాడుతూ తింటాం. చిప్పలో ఇన్ని నీళ్ళు పెట్టండి. ఆ గడ్డి జోలికి మాత్రం పోకండి. పిల్లలు గింజలు అరిగించుకోలేవు. వాటికి మెత్తని పురుగులే పెట్టాలి. అవి ఆ గడ్డిలోనే దొరుకుతాయి."

"పురుగులా! రాజుగారి పెరట్లోనా!" ఎలుగుబంటి ఒళ్ళు జలదరించింది.

"నాలుగు కంకులు కట్టడానికి కమిటీ ఎందుకమ్మా? ఆ పని ఎవరైనా చేస్తారు," అంది నక్క.

"నేననేదీ అదేగా!"

"ఎవరైనా చేసే పని రాజుగారు చేస్తే రాజుగారి పరువేం కాను?"

బావురుపిల్లి మెల్లగా కొమ్మ కిందికి జరిగింది. "రావే తల్లీ, ఇలా దగ్గరికొచ్చి చెప్పు. మీ పిన్నికి ఈ మధ్య సరిగా వినపడ్డం లేదు."

పుల్లమ్మ పైకొమ్మకు ఎగిరింది. "పిట్ట కొంచెం, కూత ఘనం," అని నవ్వింది ఎలుగుబంటి. ఆ విన్నపం అక్కడితో సరి.

తరవాత తొట్టి. కోతి వెదురుపుల్లలతో చిన్న తొట్టి అల్లి తెచ్చింది. అది నిజంగా పిట్టలకు సరిపోయేదే. కానీ ఆచారం ఉందిగా, ఆమోదించేవాడు అందులో కూర్చుని చూడాలి. ఎలుగుబంటి కూర్చుంది. పుల్లలు ఫటఫటమని విరిగాయి.

"నాసిరకం!" అంది ఎలుగుబంటి, నడుం పట్టుకుని లేస్తూ. "కూర్చుంటేనే విరిగేది పిట్టలకెలా ఆగుతుంది?"

ఈసారి మద్దిదుంగలు తెచ్చారు. ఏనుగులు మోశాయి. ఎలుగుబంటి కాళ్ళు చాపుకుని పడుకున్నా కదలని తొట్టి తయారైంది. ఎత్తులో కడదామా అని కోతి అడిగితే, ముసలి పిట్టలూ కుంటి పిట్టలూ ఎక్కలేవని బావురుపిల్లి బాధపడింది. అందుకని నేలకు జానెడెత్తులో పెట్టారు, కిందికి ఒక పిల్లి దూరేంత సందు వదిలి.

తొట్టి ఇంత ఘనంగా ఉంటే చుట్టూ ఆ పిచ్చిగడ్డి ఏమిటని నక్కకు తోచింది. గుహలోంచి చూస్తే రాజుగారికి తొట్టి కనపడాలి కదా. ఒక్కరోజులో గడ్డంతా పీకించింది, బలుసు పొదలు కొట్టించింది, రాలిన ఆకులు కుప్పేసి తగలబెట్టించింది. పెరడు అరచేయిలా నున్నగా తయారైంది. పిట్టలకు మేత పెట్టడం కోసం పిట్టల మేత మొత్తం కాల్చేశారన్నమాట.

ఆ సాయంత్రం పుల్లమ్మ బూడిదలో వెతికింది. ఎండిన వాగు దాకా పోయి, ఒక్క మిడతపిల్లను పట్టుకొచ్చింది. మూడు నోళ్ళు తెరుచుకున్నాయి. రెండింటికి చాలింది. తెల్లారేసరికి చిన్నది నోరు తెరవలేదు.

నేనింతదాకా నవ్వుతూనే చెప్పుకొచ్చాను. ఇక్కడ నాకు నవ్వు రావడం లేదు, ఒళ్ళు మండుతోంది. ఆ పిల్ల ఎంతుంటుంది, నా బొటనవేలంత. దాని ఆకలి ఎంతుంటుంది, రెండు పురుగులంత.

ఆ రోజే తొట్టికి ప్రారంభోత్సవం. పూలమాలలు, డప్పులు, ఉపన్యాసాలు. ఎలుగుబంటి తొట్టినిండా మళ్ళీ ముద్ద చేయించి పోసి, "రండి పిట్టల్లారా, తినండి!" అని గర్జించింది. ఉన్న ఒక్క పిట్టా గూట్లో పిల్ల శవం దగ్గర కూర్చుని ఉంది. తొట్టి కింద రెండు పచ్చటి కళ్ళు మాత్రం ఆశగా ఎదురుచూశాయి.

రోజులు గడిచాయి. పిట్టలు రాలేదు. "అంటే మన అడవిలో పిట్టలకు ఆకలి లేదన్నమాట," అని ఎలుగుబంటి సంతోషంగా రాజుగారికి విన్నవించింది.

ఎండకు తొట్టిలో ముద్ద పులిసింది. పీతలు కుళ్ళాయి. కంపు గుహదాకా కొట్టింది. కమిటీ సభ్యులు ముక్కు మూసుకుని ఆ దారినే పోవడం మానేశారు. తొట్టి సందుల్లోంచి కారే రసానికి తట్టుకోలేక బావురుపిల్లి కూడా దాని కింద కాపలా వదిలేసి దూరంగా బండమీద కూర్చుంది. ఈగలు మాత్రం మూగాయి, గుడ్లు పెట్టాయి. ముద్దలో తెల్లటి పురుగులు లుకలుకలాడాయి.

పుల్లమ్మకు మొదట నమ్మకం కలగలేదు. బండవైపు ఒక కన్నేసి, రివ్వున దిగి ఒక పురుగును ముక్కున కరుచుకుని ఎగిరింది. పెద్దపిల్ల మింగింది. మళ్ళీ దిగింది. రెండోదీ మింగింది. ఆ పొద్దంతా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని దిగుతూనే ఉంది. ఈగల వాసన పట్టిన గోరింకలు కూడా దూరదూరాల నుంచి వచ్చి చెట్ల మీద వాలాయి. బండమీద బావురుపిల్లిని చూసి మాత్రం దిగే ధైర్యం చేయలేదు.

పౌర్ణమి దగ్గరపడింది. సింహం నక్కను పిలిచింది. "బావ వచ్చే రోజయింది. పిట్టలేవి?"

"నేనే ఏదో ఒక ఏర్పాటు చేస్తాను మహారాజా."

"నాకు తెలియకుండా చెయ్యి. తెలిస్తే తప్పు నాదవుతుంది."

నక్క ఆలోచన ఏమిటంటే, పిట్టలు లేకపోతే కమిటీయే పిట్టలు కావాలి. ఈకలు కావాలి. ఎక్కడివి? బావురుపిల్లి కాస్త సిగ్గుపడి తన పరుపు విప్పింది. అందులో ఎన్ని రంగుల ఈకలో! పాలపిట్టవి, చిలకవి, పావురానివి. ఒక మగపిచ్చుక గొంతు కింది నల్ల ఈకలు కూడా ఉన్నాయి. ఇవన్నీ ఎక్కడివని కమిటీలో ఒక్కరూ అడగలేదు. తేనె పూసుకుని ఎవరికి వారు ఈకలు అంటించుకున్నారు.

పౌర్ణమినాడు పొద్దున్నే పక్క అడవి సింహం పెరట్లోకి వచ్చింది. ఆ కంపులో, ముక్కులు బిగబట్టుకుని, తొట్టిలో నాలుగు పిట్టలు కొలువుతీరి ఉన్నాయి.

"అబ్బో, బాగా బలిశాయే! ఆ నల్లటిది ఏం పిట్ట బావా?"

"అదా... కొండపిట్ట."

"ఏదీ, ఒకసారి కూయమను."

ఎలుగుబంటి గొంతు సవరించుకుని "కిచకిచ" అంది. దూరంగా మేస్తున్న జింకలు బెదిరి పరిగెత్తాయి.

"పాపం జలుబు చేసింది," అంది మన సింహం.

"పోనీ ఎగరమను."

నక్కకు చెమటలు పట్టాయి. కానీ దాని తెలివితో పనిలేకపోయింది. కుళ్ళిన ముద్దను వదిలేసి, తాజా తేనె వాసన పట్టుకుని గండుచీమలు అప్పటికే వరసకట్టి ఈకల్లో దూరాయి. ఒక్కసారిగా కుట్టాయి. "అమ్మో!" అంటూ నాలుగు పిట్టలూ నిలువెత్తున గాల్లోకి లేచాయి.

"ఎగిరాయి! చూశావా బావా, ఎగిరాయి!" అని అరిచింది మన సింహం.

లేచినవి లేచినట్టే తొట్టి అంచుమీద పడ్డాయి. అంత బరువు ఒకేవైపు పడేసరికి మద్దిదుంగల తొట్టి బోర్లాపడింది. లోపలి కుళ్ళంతా, పురుగులతో సహా, నున్నటి పెరడంతా పరుచుకుంది. ఎలుగుబంటి, కోతి, నక్క తలో పొదా వెతుక్కుంటూ పరిగెత్తాయి. పొదలు తామే కొట్టించిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. బావురుపిల్లి ఏడుస్తూ అడవి అవతలి మడుగువైపు పారిపోయింది.

"రండే! పిల్లి పోయింది, దిగండే!" అని పుల్లమ్మ గొంతు చించుకుని అరిచింది. చెట్లమీది గోరింకలన్నీ జలజలా రాలినట్టు పెరట్లోకి దిగాయి. పురుగుల్ని ఏరుకు తింటూ, కొట్లాడుకుంటూ, చెవులు చిల్లులు పడేలా అరిచాయి.

పక్క అడవి సింహం నోరు తెరిచింది. "మా పెరట్లో కూడా ఇన్ని లేవు బావా! ఏం పెడుతున్నావు వీటికి?"

"మా కమిటీ తయారుచేసిన మేత," అంది మన సింహం, జూలు ఎగరేసి.

ఆ మాట చాలు. సాయంత్రం కమిటీకి సన్మానం జరిగింది. మొహాలు వాచిపోయి ఎవరు ఎవరో తెలియకపోవడంతో ఎలుగుబంటి మాల కోతి మెడలో పడింది. నక్క మాత్రం పెరటివైపు చూసి ఉలిక్కిపడింది.

"అయ్యయ్యో, మన మేతలో పురుగులు పడ్డాయి! చూడండి, పాపం పిట్టలు పురుగుల్ని ఏరిపారేసుకుని మరీ తింటున్నాయి!"

వెంటనే పురుగుల నిర్మూలన కమిటీ పడింది. ఎలుగుబంటే అధ్యక్షుడు. మర్నాడు పెరడంతా కడిగి బూడిద చల్లించారు. గోరింకలు వచ్చిన దారినే పోయాయి.

ఆ బూడిద చల్లకముందే, తెలతెలవారుతుండగా, పుల్లమ్మ తన రెండు పిల్లల్ని గూటి అంచుకు తెచ్చింది. అప్పుడే రెక్కలు కుదురుకున్నాయి వాటికి. పెద్దది ఎగిరింది. రెండోది తల్లివైపు చూసి, అదీ ఎగిరింది. చూరుకి కంకులు కట్టే ఇళ్ళున్న అడవి అంచువైపు మూడూ పోయాయి. నాలుగోది, ఆ చిన్నపిల్ల, గూట్లోనే ఉండిపోయింది.

నీతి: పెద్దలు పెట్టే విందు ఎప్పుడూ వృథా పోదు, అది కుళ్ళేదాకా మనం బతికి ఉంటే చాలు.