ఫుకెట్ హోటల్లో ధర్నా

ఆ రోజు పొద్దున రాణి పెట్టుకున్న కార్యక్రమం చాలా చిన్నది. అందరితో కలిసి పడవెక్కి దీవి చూడబోయే ముందు, హోటల్లోని ఈత కొలనులో ఒక్కసారి దూకి, నాలుగు బారలు ఈది, బయటికి రావాలి. అంతే. ఆ తర్వాత తల తుడుచుకుని టిఫిను తింటుంది.

రాణిది బచ్చన్నపేట. అక్కడ విత్తనాలు, ఎరువులు అమ్మే దుకాణం ఉంది. బోర్డు మీద భర్త సుదర్శన్ పేరు పెద్ద అక్షరాలతో ఉంటుంది గానీ, లైసెన్సు రాణి పేరు మీద ఉంది. పొద్దుటి నుంచి పొద్దుగూకే దాకా గల్లా దగ్గర కూర్చునేదీ ఆమే. ఆ ఏడాది పత్తి విత్తనాలు బాగా అమ్మినందుకు ఒక కంపెనీ డీలర్లను థాయిలాండ్ తీసుకుపోతానంది. కంపెనీ తరఫున ఆ పని చూసే మిథున్ విజయవాడ వైపు మనిషి. ఫోన్ చేసి, "మేడమ్ గారు ఇబ్బంది పడక్కర్లేదండీ. సార్ వస్తే చాలు. అందరూ మగవాళ్లే వస్తున్నారు" అన్నాడు.

"లైసెన్సు ఎవరి పేరు మీదున్నది?" అని అడిగింది రాణి.

"మీ పేరు మీదేనండీ."

"మరి టికెట్టు గూడ నా పేరు మీదనే రావాలె. సార్‌ను తోలుకొచ్చుడు నేను జూస్కుంట."

అలా రాణి డీలరుగా, సుదర్శన్ ఆమె వెంట వచ్చిన మనిషిగా ఫుకెట్‌లో దిగారు. రాణి వెళ్తోందని తెలిసి దంతాలపల్లి డీలరు నగేష్ భార్య షారోన్ కూడా పెట్టె సర్దింది. ఆమె ప్రైవేటు బడిలో టీచరు. బృందం మొత్తానికి ఆడవాళ్లు ఆ ఇద్దరే.

హోటలు గదిలో కిటికీ తెర జరపగానే కింద నీలంగా మెరుస్తున్న కొలను కనిపించింది. రాణికి అరికాళ్లు గుంజాయి. పెళ్లికి ముందు పుట్టింటి వ్యవసాయ బావిలో ఆమె దూకితే నీళ్లు గట్టు దాకా లేచేవి. అడుగుకు మునిగి, పిడికెడు మట్టి తెచ్చి అన్నల ముఖాన కొట్టేది. పెళ్లయ్యాక అత్తగారు "కోడలు పిల్ల బాయిల దుంకుడేంది?" అంది. అంతటితో ఈత ఆగిపోయింది. ఇక్కడ అత్త లేదు, ఆడబిడ్డ లేదు. దూకితే అడిగేవాళ్లు లేరు.

అడిగేవాడు ఒకడున్నాడని పొద్దున్నే తెలిసింది. నైలాన్ చీర కట్టుకుని, తువ్వాలు కుర్చీ మీద వేసి, మొదటి మెట్టు మీద కాలు పెట్టిందో లేదో, ఈల మోగింది. తెల్లచొక్కా కాపలాదారు పరుగెత్తుకొచ్చి, ఆమె చీర వైపు చూపిస్తూ "నో, నో! చేంజ్! చేంజ్!" అన్నాడు.

చేంజ్ అంటే చిల్లర. దుకాణంలో రోజూ వినే మాటే. రాణి కొంగుముడి విప్పి ఒక నోటు ఇవ్వబోయింది. అతను రెండు చేతులూ జోడించి వెనక్కి జరిగాడు.

"తక్కువైందా? ఉండు" అని ఇంకో నోటు తీసింది. ఈసారి అతను జోడించిన చేతులు నుదుటిదాకా ఎత్తాడు.

"దండం బెట్టి మరీ గుంజుతున్నడు" అనుకుంది రాణి.

చివరికి అతను ఆమెను గోడ మీది బోర్డు దగ్గరికి తీసుకుపోయాడు. దాని మీద రెండు బొమ్మలున్నాయి. పొట్టి బట్టల్లో ఉన్న ఆడమనిషి బొమ్మ కింద పచ్చటి టిక్కు. మెడ నుంచి మడమల దాకా బట్ట కప్పుకున్న ఆడమనిషి మీద ఎర్రటి అడ్డగీత. రాణి ఆ బొమ్మను చూసింది, తన చీరను చూసుకుంది. విషయం అర్థమైంది. కనీసం అర్థమైందనుకుంది.

మాటామాటా పెంచుకోలేదు. వచ్చి కొలను మెట్టు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. తెలంగాణ ఉద్యమం రోజుల్లో జనగామ దగ్గర హైవే మీద చంటిపిల్లను ఒళ్లో పెట్టుకుని కూర్చున్న మనిషి ఆమె. అప్పుడు లారీలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. నిలబడి అరిచే దానికంటే కూర్చుంటేనే పనవుతుందని ఆమె అనుభవం.

కాసేపటికి సుదర్శన్ వెతుక్కుంటూ వచ్చాడు. తలమీద పూల టోపీ, మెడలో కళ్లజోడు.

"ఏందే గిది? పడవ టైమైతుంది, లే."

"గీళ్లు చీర కట్టుకుంటె నీళ్లల్లకు రానియ్యరట."

"రానియ్యకుంటె మానె. దీవి కాడ ఇంత పెద్ద సముద్రమున్నది. అండ్ల కాళ్లు గడుక్కుందువు తియ్యి."

"కాళ్లు గడుక్కోనికి ఇమానమెక్కి వచ్చిన్నా? ఈత గొట్టాలె. గీ చీరతోనే గొట్టాలె. ఆళ్ల పెద్దను పిలువుమను."

పెద్దను పిలవాలంటే ఇంగ్లీషు రావాలి. సుదర్శన్ పోయి షారోన్‌ను తీసుకొచ్చాడు. ఆమె సంగతంతా విని, "మంచి పని జేసినవక్కా, నేను మాట్లాడుత" అంది. హోటలు మేనేజరు నల్లకోటు వేసుకున్న నడివయసు ఆడమనిషి. ఆమె రాగానే షారోన్ బడిలో ప్రార్థనకు నిలబడ్డట్టు నిటారుగా నిలబడి, "మేడమ్, షీ ఈజ్ ఆన్ స్ట్రైక్" అంది.

మేనేజరు ముఖం పాలిపోయింది. "స్ట్రోక్?"

"యెస్, యెస్! వెరీ సీరియస్!"

మేనేజరు వాకీటాకీలో ఏదో అరిచింది. ఒక నర్సూ, చక్రాల మంచం తోసుకుంటూ ఇద్దరు మనుషులూ ఉరికొచ్చారు. నర్సు వచ్చీ రాగానే రాణి దండకు పట్టీ చుట్టి బీపీ చూసింది. అంత కోపంలో బీపీ ఎంత ఉండాలో అంతా ఉంది. నర్సు కళ్లు పెద్దవి చేసి షారోన్‌తో ఏదో చెప్పింది.

"అక్కా, జర నవ్వుమంటున్నరు."

"ఎందుకు నవ్వుత? చీర సంగతి తేలేదాంక నవ్వ!"

మూతి బిగించుకుని కూర్చున్న రాణిని చూసి నర్సు తల అడ్డంగా ఊపింది. మళ్లీ ఏదో అడిగింది.

"రెండు చేతులు ఎత్తమంటున్నరక్కా."

"నేనా? చేతులెత్తుడు మా ఇంటావంటా లేదు!"

నవ్వలేదు, చేతులెత్తలేదు. నర్సుకు ఇక అనుమానం లేకపోయింది. రాణి పక్షవాతం ఖాయమైపోయింది. ఇద్దరు మనుషులూ ఆమెను మంచం మీదికి ఎత్తబోయారు. సరిగ్గా ఆ సమయానికే, వీళ్లింకా రాలేదేమని చూడటానికి నగేష్ వచ్చాడు. యూనిఫారాలు, మంచం, పెనుగులాడుతున్న రాణి. నగేష్‌కు ఇలాంటివి కొత్త కాదు.

"వదినను అరెస్టు జేస్తున్నరు!" అని ఒక్క కేక పెట్టి రాణి పక్కన కూలబడ్డాడు.

ఆ కేక బయట రేవుకు పోయే బస్సులో కూర్చున్న డీలర్ల దాకా వినిపించింది. అందరూ సంచులు, టోపీలతో సహా దిగొచ్చి, ఏమైందని అడక్కుండానే కూర్చున్నారు. కూర్చున్నాక నినాదం కావాలి కదా. నగేష్‌కు కాలువ నీళ్ల కోసం చేసిన ధర్నాలో ఇచ్చిన నినాదం ఒక్కటే నోటికొచ్చింది.

"మా నీళ్లు!"

"మాకియ్యాలె!"

"వాళ్లేమంటున్నారు?" అని మేనేజరు షారోన్‌ను అడిగింది. షారోన్ ఉన్నదున్నట్టు, నీళ్లు కావాలంటున్నారని చెప్పింది. రెండు నిమిషాల్లో వెయిటర్లు పళ్లేల్లో చల్లటి నీళ్ల సీసాలు తెచ్చి మనిషికొకటి అందించారు. ఉద్యమం ఇంత తొందరగా ఫలించడం నగేష్ ఎన్నడూ చూడలేదు. ఉత్సాహం పట్టలేక ఇంకా గట్టిగా అరిచాడు. వెయిటర్లు మళ్లీ సీసాలు తెచ్చారు.

ఈలోగా చాపలు చంకన పెట్టుకుని కొందరు విదేశీ ముసలమ్మలు అటుగా వచ్చారు. నేల మీద వరసగా కూర్చున్న భారతీయులను చూసి, హోటలు వాళ్లు పొద్దుటి యోగా మొదలుపెట్టారనుకున్నారు. వెనక చాపలు పరుచుకుని కళ్లు మూసుకున్నారు. డీలర్లు పిడికిలి ఎత్తితే వాళ్లూ మెల్లగా పిడికిలి ఎత్తి, ఊపిరి పీల్చి, దించుతున్నారు.

అప్పుడొచ్చాడు మిథున్, చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

"ఏంటండీ ఈ గోల! అవతల పడవ వెళ్లిపోయింది. కంపెనీ పరువు తీస్తున్నారు. మేడమ్, ఇలాగైతే మీ డీలర్‌షిప్ ఉండదు, చెప్తున్నా!"

సుదర్శన్ రాణి భుజం పట్టుకున్నాడు. "రాణీ, లేవే. బతుకుదెరువు పోతదే" అన్నాడు. దుకాణంలో సగం సరుకు ఆ కంపెనీదే. రాణికి ఆ సంగతి ఆయనకంటే బాగా తెలుసు. కానీ లేవలేదు.

"తీస్కపో" అంది మిథున్‌తో. "రేపు నువ్వే వచ్చి బచ్చన్నపేటల గూసొని గింజలమ్ముకో. మొలకలు రాలేదని రైతులు మీదికొస్తరు సూడు, ఆళ్లకు గూడ నువ్వే జెప్పుకో. నన్ను జూసి కొంటున్నరు, నీ సంచి మీది బొమ్మను జూసి గాదు."

"కొంచెం మామూలు తెలుగులో చెప్పండి మేడమ్, నాకు అర్థం కావట్లేదు."

"గిదే మామూలు తెలుగు. అర్థమయ్యేదాంక గూసో."

డీలర్లు గొల్లుమన్నారు. మిథున్ ముఖం కందగడ్డ అయింది. గత్యంతరం లేక మేనేజరు దగ్గరికి పోయి, తన ఇంగ్లీషులో మొదటి నుంచీ అడిగాడు. ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. మధ్యలో మేనేజరు "స్ట్రైక్?" అని నర్సు వైపు చూసి నెత్తి పట్టుకుంది. చివరికి మిథున్ తిరిగొచ్చి చెప్పాడు.

"చీరంటే వాళ్లకేం అభ్యంతరం లేదండీ. కొలను అడుగున నీళ్లు లాగే తూము ఉంది. వేలాడే బట్ట ఏదైనా అందులో ఇరుక్కుంటే మనిషిని లాగేస్తుంది. ప్రాణాపాయం. ఆ బోర్డు మీదున్నది చీర కాదు, స్నానానికి వేసుకునే గౌను. లుంగీ కట్టుకొస్తే మగాళ్లనీ దిగనివ్వరట."

నినాదాలు ఆగిపోయాయి. డీలర్లు చేతుల్లోని సీసాల వంక చూసుకున్నారు. నగేష్ మెల్లగా గొంతు సవరించుకున్నాడు. ముసలమ్మలు మాత్రం ఇంకా పిడికిళ్లు ఎత్తే ఉంచారు.

"విన్నవా?" అన్నాడు సుదర్శన్. "లే ఇగ."

రాణి లేచింది. పక్షవాతం మనిషి లేచి నిలబడేసరికి నర్సు మంచం పట్టుకుంది. "ఏలాడే బట్ట వద్దని ముందే జెప్తె అయిపోవు గద" అంటూ రాణి కుచ్చిళ్లు కాళ్ల నడుమ నుంచి తీసి వెనక బిగించి దోపింది. కొంగు నడుముకు రెండు చుట్లు చుట్టి గట్టిగా ముడేసింది. నాటు వేసే కూలీలు బురదలో దిగే ముందు కట్టే కాసె అది. చీర మోకాళ్ల పైకి వచ్చి చెక్కకు మేకు కొట్టినట్టు బిగుసుకుంది.

"ఏడనన్న ఏలాడుతున్నదా? సూస్కొమ్మను."

మేనేజరు ఆమె చుట్టూ తిరిగింది. ముడి లాగి చూసింది. కదల్లేదు. కాపలాదారును పిలిచింది, అతనూ చూశాడు. ఇద్దరూ తమ భాషలో ఏదో అనుకున్నారు. తర్వాత మేనేజరు నవ్వు ఆపుకోలేక పక్కకు జరిగి, దారి చూపిస్తూ చేతులు జోడించింది.

డీలర్లు చప్పట్లు కొట్టారు. రాణి నాలుగడుగులు వెనక్కి వేసి, ఉరికొచ్చి, బావి గట్టు మీంచి దూకినట్టే కాళ్లు ముడుచుకుని గాల్లోకి లేచింది. దబ్బుమని చప్పుడైంది. నీళ్లు చిమ్మి మిథున్ చొక్కా తడిసింది.

నీళ్లు కుదుటపడ్డాక చూస్తే, రాణి కొలను అడుగున కూర్చుని ఉంది. తల మాత్రం పైన ఉంది. నడుము పట్టుకుని మెల్లగా లేచి నిలబడితే నీళ్లు బొడ్డు దాటలేదు.

"గింతేనా లోతు?" అంది కొలనును నమ్మలేనట్టు చూస్తూ.

"నడుంలోతు నీళ్లకా మనం గింత లొల్లి జేసింది?" అని తల పట్టుకున్నాడు సుదర్శన్. "పడవ గూడ పాయె!"

"లోతెంతన్న గానీ. దిగుతనన్న, దిగిన" అని రాణి బోర్లా పడుకుని ఈత మొదలుపెట్టింది. చెయ్యి వేసినప్పుడల్లా వేళ్లు అడుగున గీసుకుంటున్నాయి. అయినా ఆ ఒడ్డు దాకా పోయి, గోడను తన్ని, తిరిగొచ్చింది. ముఖం మీది నీళ్లు తుడుచుకుంటూ పొద్దుట్నుంచీ నర్సు అడిగిన నవ్వు అప్పుడు నవ్వింది.

షారోన్ కూడా తన చీరకు కాసె పోయడం చూసి నగేష్ లేచాడు. "నువ్వెటు పోతున్నవ్?"

"ఈతకు."

"నీకు ఈత రాదు గదా!"

"గీ లోతుల రానిదేంది?" అంటూ ఆమె మెట్లు దిగింది.

యోగా అయిపోయిందనుకుని ముసలమ్మలూ దిగారు. దీవి చూడలేకపోయిన డీలర్లు గట్టు మీద సీసాల నీళ్లు తాగుతూ కూర్చున్నారు. తిరుగు ప్రయాణంలో రాణి విమానంలో రెండు దిండ్లు అడిగి తీసుకుని వాటి మీద కూర్చుంది. ఎందుకని సుదర్శన్ అడిగితే, కిటికీ ఎత్తుగా ఉందని చెప్పింది. డీలర్‌షిప్ మాట మిథున్ మళ్లీ ఎత్తలేదు.

మరుసటి ఏడాది కంపెనీ విదేశీ యాత్రలు మానేసి డీలర్లకు తలా ఒక మిక్సీ పంపింది. రాణి దాన్ని విప్పనైనా విప్పకుండా, పెట్టె మీద "టికెట్టేది?" అని రాసి తిప్పి పంపింది.