ప్రార్థన ఫైలు

2010 జూన్ నెలలో, మేడ్చల్ రోడ్డు మీదున్న ఒకానొక ప్రభుత్వ కార్యాలయంలో, ఇకమీదట సిబ్బంది ఏ సందర్భంలో పకోడీలు తిన్నా ముందుగా సామూహిక ప్రార్థన జరుపవలెనని ఉత్తర్వు వెలువడింది. పుట్టినరోజు, ప్రమోషను, బదిలీ, బదిలీ రద్దు అన్నీ ఆ ఉత్తర్వు కిందికే వస్తాయి. సంతాప సభలో పకోడీలు పెట్టరు గనుక దానికి మినహాయింపు దొరికింది.

ఉత్తర్వు ఇచ్చినవారు అధికారి గోపాలరావు గారు. దేవుడన్నా సంతకమన్నా ఆయనకు సమానమైన గురి. మతసామరస్యం కోసం మొదట్లో సీనియర్ గుమాస్తా పార్వతీదేవి గారు శ్లోకం చదివేవారు, టైపిస్టు మరియా స్తోత్రం చెప్పేది, గుమాస్తా అల్లావుద్దీన్ దువా చేసేవాడు. పండక్కి తప్ప మసీదు మెట్లెక్కని అల్లావుద్దీన్, ఈ ఉద్యోగం పుణ్యమా అని వారానికి రెండుసార్లు దేవుడితో మాట్లాడసాగాడు. అయితే మూడు ప్రార్థనలూ ముగిసేసరికి పకోడీలు చల్లారిపోతున్నాయని రాతపూర్వకంగా ఫిర్యాదు అందింది. మూడు మతాలవారూ దాని మీద ఏకగ్రీవంగా సంతకాలు చేశారు. దాంతో అందరికీ కలిపి ఒకే ప్రార్థన రాసే పని అల్లావుద్దీన్ నెత్తిన పడింది.

నోటు రాయడంలో అతని తర్వాతే ఎవరైనా. ఇరవై ఏళ్లుగా ప్రతి కాగితాన్నీ "ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా" అని మొదలుపెట్టిన చెయ్యి, దేవుడికీ అలాగే మొదలుపెట్టింది. సిబ్బందిని చల్లగా చూడవలసిందిగానూ, తీసుకున్న చర్యను వీలైనంత త్వరగా తెలియపరచవలసిందిగానూ కోరుతూ ముగించింది. గోపాలరావు గారు మురిసిపోయారు. "సంతకం లేని కాగితాన్ని దేవుడైనా ఎందుకు పట్టించుకుంటాడు? రేపు సభకు ముందు పెట్టండి, సంతకం చేస్తాను" అన్నారు.

ఆ రేపు పార్వతీదేవి గారి ప్రమోషను పార్టీ. సరిగ్గా ఆ రోజే అత్వెల్లి బాలనర్సమ్మ వచ్చి అల్లావుద్దీన్ బల్ల ముందు నిలబడింది. తల్లీతండ్రీ లేని మనుమరాలు సుస్మితకు శామీర్‌పేటలో హాస్టలున్న కాలేజీలో సీటొచ్చింది. నివాస ధ్రువపత్రం ఇస్తే చేర్చుకుంటారు, లేకపోతే సీటు ఇంకొకరికి. ఆ కాగితం కోసం ముసలమ్మ మూడు నెలలుగా తిరుగుతోంది.

"సారూ, రేపే ఆఖరంట. నీ కాల్మొక్త."

"పరేషాన్ గాకు అవ్వా. ఇయ్యాల సంతకం జేయిస్త, నా జిమ్మ," అన్నాడు అల్లావుద్దీన్. ఊరికే అనలేదు, నిజంగానే అన్నాడు. ప్రార్థన కాగితం కింద ధ్రువపత్రం పెట్టి తీసుకెళ్లాడు. గోపాలరావు గారు రెండింటిమీదా చదవకుండానే పచ్చ సిరాతో సంతకం చేశారు. ఆయన ఏ మతానికీ, ఏ కాగితానికీ తేడా చూపించేవారు కారు. సభకు రమ్మని పిలుపులు మొదలవడంతో అల్లావుద్దీన్ హడావుడిగా మొదటి మాటలు మాత్రం చూసి, ఒకటి కవర్లో పెట్టి అవ్వకిచ్చాడు, రెండోది ప్రార్థన ఫైల్లో పెట్టాడు. మొదటి మాటలు రెండింటిలోనూ ఒకటేనన్న సంగతి ఆ తొందరలో అతనికి తట్టలేదు.

సభ మొదలైంది. అందరూ కళ్లు మూసుకున్నారు. గోపాలరావు గారు గొంతు సవరించుకుని, గంభీరంగా చదవసాగారు.

"ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, శ్రీమతి బాలనర్సమ్మ, మనుమరాలగు సుస్మిత సహితముగా, అత్వెల్లి గ్రామమందు గత అనేక సంవత్సరములుగా స్థిరనివాసము కలిగియున్నారని స్థానిక విచారణలో తేలినది."

కవర్లో అవ్వకిచ్చింది ప్రార్థన కాగితమని అల్లావుద్దీన్‌కు అప్పుడు తెలిసింది. నోరు తెరిచాడు గానీ, ప్రార్థన మధ్యలో మాట్లాడినవారికి మెమో ఇస్తారని గుర్తొచ్చి మూశాడు. "తథాస్తు", "ఆమెన్", "ఆమీన్" అంటూ గది మార్మోగింది.

కళ్లు తెరిచేసరికి గోపాలరావు గారి కళ్లలో నీళ్లు. "మన పరిధిలో ఇద్దరమ్మవార్లు కొలువై ఉన్నారని ఇన్నాళ్లూ నాకెవరూ చెప్పలేదు. మతం వేరైనా చెప్పింది అల్లావుద్దీన్! ఇదీ మన దేశమంటే!" అని కౌగిలించుకున్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. అంత పొగిడాక అది నివాస ధ్రువపత్రమని చెప్పడానికి అల్లావుద్దీన్‌కు నోరు రాలేదు. బయటికి పరిగెత్తాడు. అవ్వ బస్సెక్కి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్నే ఆ కాగితాన్ని ఫ్రేము కట్టించి, పూలదండ వేసి గోడకు తగిలించారు. నిన్నటి ప్రార్థన విజయవంతమైనందుకు మధ్యాహ్నం రెండింటికి మళ్లీ పకోడీలు, మళ్లీ ప్రార్థన. కళ్లు మూసుకోబోతుండగా వరండాలోంచి ముసలి గొంతు వినిపించింది.

"సారూ, గీ కాయిదం చెల్లదంట. ఇది దేవునికి రాసిన ఉత్తరమని నవ్విన్రు. నాలుగ్గొట్టే లోపల తేకుంటే పోరి సీటు పోతదంట."

అల్లావుద్దీన్ గోడకేసి చూశాడు. ఉద్యోగంలో మొదటిసారి, పై అధికారి అనుమతి లేకుండా ఒక నిర్ణయం తీసుకున్నాడు. అందరి కళ్లూ మూసి ఉండగా పిల్లిలా నడిచి, ఫ్రేము తీసి, దండ మేకుకే వదిలి, బయటికొచ్చి అవ్వ చేతిలో పెట్టాడు.

"కాలేజీల దప్ప ఎవ్వరికీ సూపియ్యకు. జల్దీ ఆటో ఎక్కు!"

సుస్మితకు సీటు దక్కింది. ఇక్కడ కళ్లు తెరిచి చూస్తే గోడ మీద మేకు, మేకుకు దండ. గోపాలరావు గారు, అమ్మవార్లిద్దరూ సశరీరంగా అంతర్ధానమయ్యారని ప్రకటించారు. దాన్ని ధ్రువీకరిస్తూ పచ్చ సిరాతో సంతకం చేశారు. ఆనాటి నుంచి ఆ మేకు ముందు రోజూ పది గంటల నుంచి పన్నెండు దాకా సామూహిక ప్రార్థన ఖాయమైంది.

మరుసటి సోమవారం బాలనర్సమ్మ తన పింఛను సంగతి కనుక్కుందామని వచ్చింది. అటెండరు మైసయ్య గుమ్మంలోనే ఆపాడు.

"ఆగవ్వా. లోపట బాలనర్సమ్మ తల్లి ప్రార్థన నడుస్తాంది."

"బాలనర్సమ్మను నేనే గదరా కొడుకా."

మైసయ్య ఎగాదిగా చూశాడు. మూడు నెలలుగా చూస్తున్న మొహమే, పేరు అడగాల్సిన పనే ఎప్పుడూ పడలేదు. "అందరు గట్లనే అంటరు. కాయిదం ఏమన్న ఉంటె తీస్కరా. పో, గా మెట్ల మీద కూసో."

లోపల అల్లావుద్దీన్ ఒక కన్ను తెరిచి కిటికీలోంచి అంతా చూశాడు. సిగ్గేసింది. ఆ కన్ను కూడా మూసుకుని, అందరికంటే గట్టిగా ఆమీన్ అన్నాడు.

ఆ మాట వినగానే మెట్ల మీద పనుల కోసం కూర్చున్న జనమంతా లేచి చేతులు జోడించారు. వాళ్లను చూసి బాలనర్సమ్మా జోడించింది. దండం ఎవరికని ఆమె అడగలేదు. మనం మాత్రం ఎప్పుడడిగాం?