ఎడ్విన్ రాజు గారి ప్రాచీన లిపి

“సామాన్య జనుల భాషలోనికి దేవుని వాక్యమును తెచ్చిన మార్టిన్ లూథరు మహాశయుని సంస్కరణకు ఐదువందల సంవత్సరములు నిండుచున్నవి గనుక, ఆ మహోత్సవమును పురస్కరించుకొని మందిర ఆవరణములో సామాన్య జనుల భాష మాట్లాడుట ఇందుమూలముగా నిషేధింపబడినది!”

2017 సెప్టెంబరులో ఒక ఆదివారం, యాంగోన్ నగరంలోని లమ్మడాలో, నది వైపు దిగే ఇరుకు వీధిలో ఉన్న తెలుగు బాప్టిస్టు మందిరంలో ఈ ప్రకటన వెలువడింది. చదివినవారు ఉత్సవ కమిటీ కార్యదర్శి ఎడ్విన్ రాజు గారు. విన్నవారు నూటముప్ఫై మంది. అర్థమైనవారు ఎందరన్న దాని మీద భిన్నాభిప్రాయాలున్నాయి. “ఆమేన్” మాత్రం అందరూ అన్నారు.

బర్మీసు కూడదు. ఇంగ్లీషు కూడదు. ఇళ్ళలో మాట్లాడుకునే ‘ఏటి’, ‘ఎలగ’ అసలే కూడదు. శుద్ధమైన గ్రాంథిక తెలుగు మాత్రమే! ఫలితం వెంటనే కనిపించింది. మరుసటి ఆదివారం మందిరంలో ఎన్నడూ లేనంత ప్రశాంతత నెలకొంది. మంచినీళ్ళు కావలసినవాళ్ళు బొటనవేలు నోటికి చూపించి సైగ చేశారు. ఆ నిశ్శబ్దాన్ని ఎడ్విన్ రాజు గారు భక్తి అనుకున్నారు.

ఎడ్విన్ రాజు గారంటే ఆ చుట్టుపక్కల తెలుగువాళ్ళకు తెలుగు భాషే. సేక్కాన్ రేవులో ముప్ఫై ఏళ్ళు గుమాస్తాగా చేసి విరమించారు. తండ్రి పేరున్న బోధకుడు. తండ్రివీ, ఆ తరవాత వచ్చిన బోధకులవీ ప్రసంగాలు వినీ వినీ ‘కావున’, ‘గనుక’, ‘ఏలయనగా’ ఆయన నోట పప్పులో నెయ్యిలా జారేవి. వేదిక ఎక్కితే పరిశుద్ధ గ్రంథం తెరిచి, కళ్ళజోడు సవరించుకుని, ఆయన వాక్యం చదివే తీరు చూసి ముసలమ్మలు కళ్ళొత్తుకునేవారు.

ఆయనలో చిన్న లోపం ఒక్కటే. ఆయనకు తెలుగు చదవడం రాదు.

ఇది ఆయన తప్పు కాదు. తండ్రి పోయేసరికి ఆయనకు ఏడేళ్ళు. చదివింది బర్మీసు బడి. అక్షరాలు నేర్పేవాళ్ళు లేకపోయారు. తరవాత అడిగి నేర్చుకుందామంటే బోధకుడి కొడుకు అలా అడగడం బాగోదు. కాబట్టి చెవిన పడ్డ తెలుగు మాటలను బర్మీసు అక్షరాల్లో కాగితం మీద రాసుకుని, ఆ కాగితాన్ని పరిశుద్ధ గ్రంథం పేజీల మధ్య పెట్టుకుని, గ్రంథం చదువుతున్నట్టు కాగితం చదివేవారు. పదకొండేళ్ళుగా రాస్తున్న మినిట్సు పుస్తకమూ అలాగే రాశారు. దాన్ని ఇంతవరకు ఎవరూ తెరిచి చూడలేదు. కమిటీల మీద ప్రజలకుండే గౌరవం అలాంటిది!

ఇలా ఏర్పాట్లు సాగుతుండగా ఘోరం జరిగింది. ఒక ఆదివారం ఉదయం మందిరం తలుపు మీద అన్నం మెతుకులతో అతికించిన కాగితం ఒకటి కనిపించింది. పాత క్యాలెండరు వెనక్కి తిప్పి, పెద్ద పెద్ద బర్మీసు అక్షరాల్లో, ఇంటి తెలుగులో రాసిన లూథర్ కథ అది.

“లూథర్ అనీ ఒకాయన ఉండీవోడు. కుర్రతనంలో పిడుగు పడితే జడుసుకుని ఫోంజీ అయిపోనాడు...”

పదిహేనుమంది పిల్లలు దాని ముందు గుమిగూడి పైకి చదువుతూ కిలకిల నవ్వుతున్నారు. ఎడ్విన్ రాజు గారు దగ్గరికి వెళ్ళి చూశారు. ఆ అక్షరాలు, ఆ పద్ధతి! అచ్చం ఆయన కాగితాల్లాగే ఉంది. తన రహస్యం బట్టబయలైందేమోనని గ్రంథం తెరిచి తన కాగితం ఉందో లేదో చూసుకున్నారు. తనది కాదని తెలిశాక ఆయనకు నిజమైన కోపం వచ్చింది.

రాసింది ఆదివారపు బడి టీచరు మ్యా మ్యా. బర్మీసు బౌద్ధుల ఇంట పుట్టి, సూరన్న అనే తెలుగాయన్ని చేసుకుని, దలా నుంచి ప్రతి ఆదివారం ఫెర్రీ ఎక్కి నది దాటి వచ్చే మనిషి. ఆమెను విచారణకు పిలిచారు. బల్లకు అటువైపు అధ్యక్షులు అహరోను గారు, సభ్యులు ఎలీజా, నాథన్, కార్యదర్శి ఎడ్విన్ రాజు గారు. ఇటువైపు ఆమె ఒక్కతే. కూర్చోమని అనడం ఎవరికీ తోచలేదు.

“అనుమతి లేకుండా మందిరపు తలుపున కాగితము అంటించితివి. నీవు చేసినది ఎంతటి అపరాధమో ఎరుగుదువా?” అన్నారు ఎడ్విన్ రాజు గారు.

“లూతర్ గారు కూడా తన కాగితం గుడి తలుపుకే కొట్టినారు కదండీ?”

“ఆయన వేరు! ఆయన సంస్కర్త!”

“రెండోది,” అన్నారు అహరోను గారు. ఆయన ఉల్లిపాయల టోకు వ్యాపారి, గ్రాంథికం ఎక్కువసేపు పట్టుకోలేరు. “ఆయన్ని పట్టుకుని ఫోంజీ అని రాసినావేటమ్మా? ఫోంజీ అంటే బుద్దుడి సన్యాసి గదా!”

“సన్యాసి అంటే మన గుంటలికి తెలవదండి. గుండు సేయించుకుని, మటంలో ఉండి, ముష్టెత్తుకుని తినీ మనిసి అంటే ఫోంజీయే తెలుసు. లూతర్ గారూ అలగే ఉండీవోరు కదండీ. తప్పేటుంది?”

తప్పేమిటో వెంటనే ఎవరికీ తోచలేదు. తోచకపోవడంతో తప్పు మరింత పెద్దదైంది.

“రాసినదంతయు తప్పని ఒప్పుకొని, వెనుకకు తీసుకొనుము,” అన్నారు ఎడ్విన్ రాజు గారు.

మ్యా మ్యా తలుపు వైపు చూసింది. “ఎనక్కెలగ తీసుకుంతానండీ? కాగితమంటే సింపేస్తాను. గుంటలికి అర్దవైపోనాది కదా. బుర్రలోకి ఎల్లిపోనాక ఎలగ తీసీది?”

ఆ రోజే ఆమెను బడి నుంచి తొలగించారు. ‘నిరసన తెలిపేవాళ్ళు’ అనే అర్థంతోనే పేరు పెట్టుకున్న ప్రొటెస్టెంటు సంఘంలో నిరసనకు తావు లేదని నాథన్ గారు ఘాటుగా అన్నారు. ఎడ్విన్ రాజు గారికి చిరాకేసింది. చక్రవర్తి సభలో లూథర్ నిర్భయంగా నిలబడి ‘నా మాట వెనుకకు తీసుకొనను’ అన్న ఘట్టాన్ని తన ప్రసంగంలో సాధన చేసుకోవలసిన సమయమంతా ఈ పనికిమాలిన విచారణకే ఖర్చయిపోయింది!

ఆదివారపు బడికి మరుసటి వారం ముగ్గురు పిల్లలు వచ్చారు. ఆపై వారం ఎవరూ రాలేదు. ఖాళీ బెంచీలు చూసినప్పుడు ఎడ్విన్ రాజు గారికి ఎక్కడో కలుక్కుమంది. పండగ పనుల్లో పడి మరిచిపోయారు. మరిచిపోయానని రోజుకు రెండు మూడుసార్లు అనుకున్నారు.

అక్టోబరు చివరి ఆదివారం ఉత్సవం. విశాఖపట్నం నుంచి వాసుదేవరావు గారనే విశ్రాంత తెలుగు మాస్టారు ముఖ్య అతిథిగా విమానంలో వచ్చారు. భాషాసేవకు గుర్తుగా ఆయన చేతుల మీదుగా ఒకరికి శాలువా కప్పాలని కమిటీ నిర్ణయించింది. ఎవరికన్నదీ ఏకగ్రీవమే. ఆ తీర్మానం ప్రవేశపెట్టింది ఎడ్విన్ రాజు గారు, బలపరిచింది ఎడ్విన్ రాజు గారు.

మందిరం నిండిపోయింది. ఎడ్విన్ రాజు గారు గ్రంథం తెరిచి ప్రసంగం అందుకున్నారు. లూథరు గని కార్మికుని ఇంటి బిడ్డ యగుట, కోటలో దాగియుండి వాక్యమును జర్మను భాషలోనికి తెచ్చుట, వీధిలో ఆడువారి మాటలును సంతలో బేరగాండ్ర మాటలును చెవియొగ్గి వినుట... గొంతు గంటలా మోగుతోంది. జనం గౌరవంగా నిద్రపోతున్నారు. అంతలో పోయిన కరెంటు వచ్చింది. పైనున్న ఫ్యాను ఒక్క ఊపున తిరిగింది. గ్రంథంలోని కాగితం ఎగిరి, గాలిలో రెండు పల్టీలు కొట్టి, నేరుగా ముఖ్య అతిథి ఒళ్ళో వాలింది.

ఎడ్విన్ రాజు గారి ముందు అచ్చు తెలుగు పేజీ మిగిలింది.

వాసుదేవరావు గారు కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. “ఇదేం లిపండీ?” అని మెల్లగా అడిగారు.

మునిగేవాడికి చేతికేది దొరికితే అదే పడవ. “ప్రాచీన... ప్రాచీన తెలుగు లిపియండి. మా నాయనగారి నుండి వంశపారంపర్యముగా...”

“ఓహో!”

వాసుదేవరావు గారు లేచి మైకు అందుకున్నారు. కాగితాన్ని రెండు చేతులతో పైకెత్తి పట్టుకున్నారు. “అయ్యలారా, అమ్మలారా! మా దేశంలో మహా మహా పండితులకు కూడా అందని ప్రాచీన లిపిని మీ కార్యదర్శి గారు కాపాడుకొస్తున్నారు! మీలో ఇంకెవరికైనా ఇది చదవడం వచ్చా?”

నిద్రపోతున్నవాళ్ళు లేచారు. నూటముప్ఫై జతల కళ్ళు కాగితం మీద పడ్డాయి. అక్షరాలు పెద్దవి, గుండ్రనివి, రోజూ బస్సుల మీదా కొట్ల మీదా కనిపించేవి. ముందు వరసలో కూర్చున్న తొమ్మిదేళ్ళ ఫ్యూ ఫ్యూ లేచి నిలబడి గడగడా చదివేసింది. ఆమెతో పాటు మిగతా పిల్లలూ గొంతు కలిపారు. “ఏ-ల-య-న-గా! మ-న-స్సా-క్షి-కి వి-రో-ధ-ము-గా!”

“భేష్! అర్థమైందా అమ్మా?”

“లేదు తాతా. ఒక్క ముక్కా తెలీలేదు. మా టీచరు తలుపు మీద రాసినాది కదా, అదైతే అంతా తెలిసీసినాది.”

“ఎవరా టీచరు?”

పిల్లల వేళ్ళన్నీ వెనక వరస వైపు తిరిగాయి. బడిలోకి రావద్దన్నారు గాని గుడిలోకి రావద్దనలేదు కాబట్టి మ్యా మ్యా అక్కడ కూర్చుని ఉంది. ముఖ్య అతిథి ఆమెను వేదిక మీదికి పిలిచారు. ఆ కథేమిటో చెప్పమన్నారు. నిషేధం సంగతి అధ్యక్షులు దగ్గి గుర్తు చేశారు. అతిథి ఆయనకు మంచినీళ్ళిప్పించారు.

ఆమె పది నిమిషాలు చెప్పింది. పిడుగు దగ్గర పిల్లలు చెవులు మూసుకున్నారు. సన్యాసం మానేసి పెళ్ళి చేసుకున్న దగ్గర ఆడవాళ్ళు ముసిముసిగా నవ్వారు. “నన్ను సంపినా ఈ మాట ఎనక్కి తియ్యను, దేముడే నాకు దిక్కు అనీసినాడు” అన్న దగ్గర వెనక నుంచి ఎవరో పెద్దగా వెక్కారు. ఆ మాట ఎడ్విన్ రాజు గారు నాలుగు వారాలుగా సాధన చేస్తున్నారు. అది ఇంత చిన్న మాటని ఆయనకు అప్పటిదాకా తెలియదు.

శాలువా ఆమెకే కప్పారు. కప్పే గౌరవాన్ని అతిథి ఎడ్విన్ రాజు గారికి వదిలేశారు!

కమిటీ మరునాడే సమావేశమై లోతుగా ఆలోచించింది. కార్యదర్శి పరువు కమిటీ పరువు. కాబట్టి మందిర ఆవరణలో బర్మీసు భాషపై, దాని లిపిపై నిషేధం యథాతథంగా కొనసాగును. ప్రాచీన తెలుగు లిపికి మాత్రం మినహాయింపు కలదు. రెంటికీ అక్షరాలలో పోలిక కనిపించినచో అది యాదృచ్ఛికము. ప్రాచీన లిపి బోధకురాలిగా దో మ్యా మ్యా గారిని నియమించడమైనది. అంతకుముందు ఆమె ఉత్త మ్యా మ్యా. ‘దో’ అనేది బర్మాలో పెద్దావిడలకిచ్చే మర్యాద, మగవాళ్ళకైతే ‘ఊ’. పదవితో పాటు అదీ వచ్చింది. పిల్లలు తిరిగి వచ్చారు. ఎడ్విన్ రాజు గారు కంటి నిండా నిద్రపోయారు.

నెల తరవాత విశాఖపట్నం నుంచి ఉత్తరం వచ్చింది. పైన ఎడ్విన్ రాజు గారి పేరు ఇంగ్లీషులో ఉంది. లోపలంతా తెలుగు. తప్పకుండా ప్రశంసాపత్రమే! ఆయన దాన్ని కమిటీ బల్ల మీద పెట్టి, అధ్యక్షుల వైపు వినయంగా జరిపారు. “పెద్దలు మీరుండగా నేను చదువుట మర్యాద కాదు.”

అహరోను గారు ఉత్తరాన్ని దూరంగా పట్టుకుని చూశారు. “నా కంట్లో శుక్లం గదండీ. ఎలీజా, నువ్వు సదువు.”

“కల్లజోడు ఇంటికాడ మర్సిపోనాను,” అన్నారు ఎలీజా గారు. అది ఆయన ముక్కు మీదే ఉంది.

నాథన్ గారికి ఆ క్షణంలోనే గొంతు పోయింది. సైగలతో ఉత్తరాన్ని ముందుకు తోశారు. బల్ల చుట్టూ తిరిగి తిరిగి అది మళ్ళీ ఎడ్విన్ రాజు గారి ముందుకే వచ్చి ఆగింది. నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చూసుకుని, వెంటనే కిటికీ వైపు చూశారు.

అప్పుడే బడి గది తాళంచెవి కోసం మ్యా మ్యా లోపలికి వచ్చింది. సంగతి చూసింది. “ఇలగివ్వండి, నాను సదువుతాను.”

“ఇది తెలుగమ్మా!” అన్నారు అధ్యక్షులు.

“మా అత్తకి సూపు పోనాక రోజూ వాక్యం నానే సదివీదాన్నండి. అరిసేతిలో రాసి అచ్చరాలు నేర్పీసినాది.” ఉత్తరం అందుకుని మొదటి వాక్యం చదివి ఆగిపోయింది. “ఊ ఎడ్విన్ గారూ, ‘ఇది మీరొక్కరే చదువుకోండి, కమిటీలో చదవకండి’ అని ఉందండి. ఆపీమంటారా?”

పొగడ్తలు మరీ ఎక్కువగా ఉన్నాయి కాబోలనుకున్నారు ఎడ్విన్ రాజు గారు. ఆయన నోరు తెరిచేలోగా అధ్యక్షులు చెయ్యి ఊపారు. “సంఘంలో దాపరికాలేటమ్మా? సదువు!”

ఆమె చదివింది. “‘ఎడ్విన్ రాజు గారికి. అది బర్మీసు లిపి అని నాకు తెలుసు. విమానాశ్రయం గోడల మీదా, నేను టీ తాగిన కొట్టు మీదా అవే అక్షరాలున్నాయి. నలుగురిలో మీరు చిన్నబోకూడదనీ, ఆ టీచరమ్మకు అన్యాయం జరిగినట్టు సభకు ముందే పిల్లలు నాకు చెప్పారు గనుక ఆమెను వేదిక ఎక్కించాలనీ అలా చేశాను. మన్నించండి. తెలుగు రాకపోవడం తప్పు కాదు. మా ఊళ్ళో పిల్లలకూ రావడం లేదు. రాదని ఒక్కసారి చెప్పేస్తే నేర్పేవాళ్ళు దొరుకుతారు. ఇట్లు, వాసుదేవరావు.’”

ఆమె ఉత్తరం మడిచి బల్ల మీద పెట్టింది. తాళంచెవి తీసుకుంది గాని వెళ్ళలేదు.

నది మీద ఫెర్రీ కూత వేసింది. అహరోను గారు గొంతు సవరించుకున్నారు. “ఈ ఉత్తరం మనకి రాలేదు, మనం సదవలేదు అని తీర్మానం సేద్దామా?”

“బలపరుస్తున్నాను,” అన్నారు నాథన్ గారు, ఉన్నట్టుండి గొంతు తిరిగొచ్చి.

మూడు చేతులు లేచాయి. “ఏకగ్రీవం! రాసీండి ఎడ్విన్ గారూ. శుద్దమైన తెలుగులో రాయండి.”

ఎడ్విన్ రాజు గారు మినిట్సు పుస్తకం తెరిచారు. కలం మూత తీశారు. పదకొండేళ్ళ బర్మీసు అక్షరాలను ఒక్కో పేజీ తిరగేశారు. తరవాత పుస్తకాన్ని అందరికీ కనపడేలా బల్ల మధ్యకు తిప్పి, కలం దాని మీద పెట్టేశారు.

“నాకు తెలుగు రాయడం రాదండి,” అన్నారు. “సదవడమూ రాదు.”

లేచిన మూడు చేతులూ అలాగే గాలిలో ఉండిపోయాయి. కలం అందుకోవడానికి ఏ ఒక్కటీ కిందికి దిగలేదు.