హస్తవాసిపై విచారణ

మా జిల్లా ఆసుపత్రిలో ఆపరేషన్ చేయించుకున్నవారిలో కొందరు కొన్ని నెలలకు కామెర్లు వచ్చి పచ్చగా మారుతున్న సంగతి ప్రభుత్వం దృష్టికి వచ్చింది. వెంటనే విచారణ సంఘం వెలిసింది. అధ్యక్షుడు కెనెష్‌బెక్. తప్పుల్లేకుండా రాయగలనని నన్నూ సభ్యుణ్ణి చేశారు. పిత్తాశయంలో రాళ్లు తీయించుకున్న నా భార్య అనార్కుల్ కూడా అలాగే పచ్చబడి, ఆపిల్ చెట్లు పూతకొచ్చే వేళకు పోయింది. ఆమెకు ఆ జబ్బు ఎవరినుంచి సోకిందో తెలుసుకోవాలన్నదే నా కోరిక.

ఆపరేషన్లన్నీ చేసింది తుర్సునాలి డాక్టరుగారు. ఆయన హస్తవాసి గురించి పక్క లోయల్లో కూడా చెప్పుకుంటారు. చేతికి తొడుగులు వేసుకుంటే ఆ హస్తవాసి తమకు అందదని రోగులే పట్టుబట్టి తీయించేవారు. నొచ్చుకుంటారని ఆయనా తీసేవారు.

సంఘం పట్టుదలగా పనిచేసింది. కుళాయి నీళ్లను పరీక్షించింది. వంటమనిషిని, ఆమె పిల్లిని పరీక్షించింది. నర్సులందరి రక్తమూ తీయించింది.

"మరి డాక్టరుగారిది?" అన్నాను.

"అదేం మాట మాస్టారూ! పెద్దాయన్ని పట్టుకుని, చెయ్యి చాపండి, సూది గుచ్చాలి అంటామా? నన్ను మా అమ్మ కడుపులోంచి బయటికి లాగింది ఆ చెయ్యే" అన్నాడు కెనెష్‌బెక్.

మధ్యాహ్నం డాక్టరుగారు సంఘం కోసం గొర్రెను కోయించారు. మా మర్యాద ప్రకారం పెద్దవారు మాంసం ముద్ద చేసి అతిథుల నోట స్వయంగా పెడతారు. ఆపరేషన్‌లో కత్తి తెగిన ఆయన వేలికి పట్టీ ఉంది. సభ్యులందరూ నోళ్లు తెరిచారు. ప్రశ్నలు అడగడానికి కాదు.

నా వంతు వచ్చినప్పుడు నేను అడిగాను: "డాక్టరుగారూ, మీ రక్తం ఒకసారి పరీక్ష చేయించుకుంటారా?"

ఆయన ముద్దను పళ్లెంలో పెట్టేశారు. "ఇంతకాలం ఎవరూ అడగలేదేం నాయనా?" అన్నారు.

పరీక్షలో ఆ జబ్బే బయటపడింది. ఆయనే అందరికీ చెప్పారు. సంఘం మాత్రం, "రోగము ఒక చేతినుండి సోకినది, ఆ చేయి ఎవరిదో పేర్కొనుట మర్యాద కాదు" అని నివేదించింది.

నివేదిక పంపిన వారానికే కెనెష్‌బెక్‌కు కడుపులో పేగు వాచింది. మాకున్నది ఆ ఒక్క డాక్టరే. ఆపరేషన్ బల్లమీద పడుకుని అతడు బతిమాలాడు.

"పెద్దయ్యా, ఆ తొడుగులు తీసెయ్యవూ. నేనేమైనా పరాయివాణ్ణా?"

"నోరు మూసుకుని పడుకోరా" అన్నారు డాక్టరుగారు, రెండో జత కూడా తొడుక్కుంటూ.

కెనెష్‌బెక్ పచ్చబడకుండా కోలుకున్నాడు. రెండు తొడుగుల్లోంచి కూడా పనిచేసిన ఆ హస్తవాసిని ఊరంతా మెచ్చుకుంది. అనార్కుల్ సంగతి అడిగితే, పాపం, ఆమె తలరాత బాగాలేదన్నారు.