కలిపేశాను, ఆగదు!

ప్రతి ఇంట్లోనూ, హాలు మధ్యలో, మొగుడనేవాడు ఒక ప్యాడిల్ బోర్డు తయారుచేసి తీరాలి. చట్టం చేసినా తప్పులేదు!

తెలియనివాళ్లకు చెప్తాను. ప్యాడిల్ బోర్డంటే నీళ్ల మీద నిలబడి తెడ్డేసుకుంటూ పోయే పలక. షాపులో దొరుకుతుంది. కానీ షాపులో కొంటే సంసారానికి ఏం లాభం? మా ఆయన ఆఫీసులో ఫైళ్లు చూసుకునే మనిషి. ఈత రాదు. స్నానానికే పదిసార్లు పిలవాలి. అలాంటి మనిషికి నీళ్ల మీద ప్రేమ పుట్టిందంటే ఏ ఇల్లాలు సంతోషించదు?

ముందు సోఫా బాల్కనీలోకి పోయింది. దాని చోట్లో మంచమంత థర్మాకోల్ దిమ్మ వచ్చి పడుకుంది. దాన్ని చెక్కుతుంటే లేచిన తెల్లటి పొడి టీలోకి, దిండ్లలోకి, మా అత్తగారి కళ్లజోడు పెట్టెలోకి చేరింది. లాభం చూడండి! చెప్పాపెట్టకుండా దిగే చుట్టాలు గుమ్మంలోనే తుమ్మి వెనక్కి తిరిగారు. ఏ డాక్టరు చెప్పినా టీవీ ముందు నుంచి కదలని అత్తగారు రోజూ వాకింగ్‌కి బయల్దేరారు!

పైగా ఇంటి మీద అవగాహన పెరుగుతుంది. కత్తెర ఎక్కడుంటుందో పెళ్లయిననాటి నుంచీ తెలియని మా ఆయన, ఇప్పుడు కత్తెరేం ఖర్మ, నా అట్లకాడ, హెయిర్ డ్రయ్యర్ కూడా కళ్లు మూసుకుని తీసేస్తున్నారు.

ఇక అసలు ఘట్టం గ్లాసింగ్. పలక మీద అందం కోసం పూల గుడ్డ, దాని మీద గాజునార బట్ట పరిచి, పైన రెజిన్ అనే జిగురు పోయాలి. ఆరాక అద్దం కింద పెట్టినట్టు పూలు మెరుస్తాయి. తిరకాసు ఒక్కటే. రెజిన్‌లో హార్డెనర్ అనే మందు కలిపాక అది ఎవరి కోసమూ ఆగదు. చూస్తుండగానే డబ్బాలోనే రాయైపోతుంది. అందుకే లోకంలో అందరూ ముందు గుడ్డ పరిచి, తర్వాత మందు కలుపుతారు. మా ఆయన ముందు మందు కలిపి, తర్వాత పూల గుడ్డ కొలిచారు.

మూరెడు తక్కువైంది!

"రెజిన్ కలిపేశాను, ఆగదు!" అని ఒకటే కేక. నేను వంటింట్లోంచి వచ్చేసరికి చేతికందిన దుప్పటి బోర్డెక్కింది. బాల్కనీలో సోఫా మీద నేను ఆరేసుకున్న దుప్పటి. చూపు తగ్గుతున్న రోజుల్లో, కళ్లకు దగ్గరగా పట్టుకుని మా అమ్మ పూలు కుట్టిన దుప్పటి. ఆవిడ కుట్టిన చివరిది. ఉతకడానికి కూడా ఎవరి చేతికీ ఇవ్వను. అంచుల్లో మిగిలిందంతా కత్తెరతో కోసేశారు. కత్తెర ఎక్కడుందో తెలుసు కదా!

"ఒక్క మాట అడగచ్చు కదండీ?"

"అడిగే టైమెక్కడిదోయ్? అది ఆగదుగా! చూడు, ఎంత బాగా అతుక్కుందో."

నిజమే. ఇక చిరగదు, మాయదు, పురుగు కొట్టదు. కప్పుకోవడానికి మాత్రం రాదు. ఆరాక చేత్తో తడిమితే అమ్మ కుట్టిన దారం తగల్లేదు, నున్నగా గాజు తగిలింది. ఏడుపొచ్చింది. ఏడుద్దామని వంటింట్లోకి వెళ్తే పాలు పొంగుతున్నాయి. ముందు స్టవ్ ఆపాను.

అప్పుడు తట్టింది. ఈ ఇంట్లో ఆగనివన్నీ ఆయనవి. ఆఫీసు ఆగదు, మ్యాచ్ ఆగదు, రెజిన్ ఆగదు. ఆగేవన్నీ నావి. పెళ్లికి ముందు రోజూ ఈత కొట్టేదాన్ని, మీకు తెలుసా? పెళ్లయ్యాక అడిగితే ఆయన "తర్వాత చూద్దాంలే" అన్నారు. అది ఇప్పటిదాకా ఆగే ఉంది.

మొన్న ఆదివారం బోర్డును సరస్సుకి మోసుకెళ్లాం. ఒడ్డున మా ఆయన లైఫ్ జాకెట్ తాళ్లు బిగించుకుంటూ, విప్పుకుంటూ, నీళ్ల వంక చూస్తూ, మళ్లీ బిగించుకుంటున్నారు. నేను తెడ్డు తీసుకున్నాను. అమ్మ పూల మీద కాళ్లు పెట్టి నిలబడబుద్ధి కాలేదు. కూర్చునే బోర్డును లోపలికి తోశాను.

"ఏయ్, ఎక్కడికి? ఒక్క మాట అడగచ్చు కదా!"

"కలిపేశానండీ, ఆగదు!"

కాబట్టి అక్కలూ, చెల్లెళ్లూ, మీ ఇంట్లోనూ తప్పకుండా ఒక ప్యాడిల్ బోర్డు చేయించండి. కొలతలు మాత్రం మీరే చెప్పండి. ఒక మనిషి పడితే చాలు.